రంపం తప్పించుకున్న పిన్ను

నేను ఒక ఉక్కు పిన్నును. విమానం ఎడమ చక్రాల కాలు ముడుచుకుపోకుండా పట్టి ఉంచడం నా పని. ఆ పని ఇప్పుడే మానేశాను. రెండు ముక్కలయ్యాను.

ఎడమ రెక్క రన్‌వేను రాసుకుంటూ పోతోంది. నిప్పురవ్వలు కిటికీల దాకా లేస్తున్నాయి. "తలలు దించండి! తలలు దించండి!" అని ఎయిర్ హోస్టెస్ అరుస్తోంది. కెప్టెన్ మృదుల బలమంతా పెట్టి విమానాన్ని కుడివైపు తిప్పాలని చూస్తోంది. అది వినలేదు. గడ్డిలోకి దూసుకెళ్లి, మట్టికట్టను గుద్దుకుని ఆగింది. రెక్కకు నిప్పంటుకుంది. మృదుల పొగలో దగ్గుతూ చివరిదాకా లోపలే ఉండి జనాన్ని దింపింది. అయినా ముగ్గురు బయటికి రాలేదు.

నన్ను బురదలోంచి ఏరకముందే టీవీ వాళ్లు పైలట్ తప్పిదమని తేల్చేశారు.

నేను పరాయి దేశపు కొలిమిలో పుట్టాను. ఇన్నిసార్లు నేల దిగాక, ఎంత నిగనిగలాడుతున్నా సరే, విప్పి పారేయాలని నాకు పుట్టినరోజునే గడువు పెట్టారు. వేరే కంపెనీ విమానంలో ఆ గడువు తీరింది. నన్ను విప్పి, ఇక పనికిరానన్న గుర్తుగా ఎర్ర రంగు పూశారు. అలాంటి భాగాన్ని ప్రభుత్వ తనిఖీ అధికారి కళ్లముందే రంపంతో కోసెయ్యాలి. ముక్కల్ని ఎవరూ కొత్తవని అమ్మలేరు కదా! నన్ను బిగించారు. రంపం తిరుగుతోంది. అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు.

"బంగారంలాంటి ఉక్కయ్యా, కోస్తారేంటి? నేను చూసుకుంటాలే. మీరెళ్లి టీ తాగి రండి."

వాళ్లు వెళ్లారు. టీకి అంత శక్తి ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన తోడల్లుడిది విమానాల విడిభాగాల వ్యాపారం. ఇద్దరూ నన్ను జీపులో వేసుకుని బాలానగర్‌లో ఇనుప సామాన్లకు మెరుగు పూత వేసే షాపుకు తీసుకెళ్లారు. ఎర్ర రంగు గీకించి, తీగకు వేలాడదీయించి, తొట్టిలో ముంచించారు. పెళ్లికొడుకులా పైకి లేచాను. పాత వాడకంలో పడి తుప్పుపట్టిన వెంట్రుకంత పగులు మాత్రం అలాగే ఉంది. దాన్ని పూత కప్పేసింది. మృదుల పనిచేసే కంపెనీ నన్ను కొత్తదనుకుని కొన్నది. ఆ కంపెనీని తనిఖీ చేసి అంతా భేషుగ్గా ఉందన్నదీ ఆ అధికారే.

ప్రమాదం మీద విచారణ సంఘం వేశారు. కవరులో పెట్టిన నన్ను బల్ల మీద ఉంచారు. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. టీ తాగి రమ్మన్న అదే గొంతు! మా భద్రత చూడాల్సిన ఆఫీసు నుంచే విచారణకూ పెద్దను తెచ్చారు. ఆయన ముందున్న పలక మీద కొమరగిరి సీతాపతి అని ఉంది. నాకు నోరుంటే ఆ గది అక్కడే కాలిపోయేది.

"ఏమ్మా, అంత గట్టిగా దించావేం? ఇంట్లో ఏమన్నా గొడవలా?"

"మామూలుగానే దించాను సార్," అంది మృదుల.

"మామూలుగా దించితే కాలెందుకు విరుగుతుంది? విమానం నీమీద అలిగిందా?"

పక్కవాళ్లు నవ్వారు. మృదుల నవ్వలేదు. ఈ పూట ఆయన ఆమెదే తప్పని తీర్పు రాస్తే లైసెన్సు పోతుంది. ముగ్గుర్ని చంపిందన్న మాట బతికినంతకాలం వెంటాడుతుంది.

సంఘంలో అందరికంటే చిన్నవాడు దావీదు లేచాడు. "సార్, ల్యాబులో పిన్ను కోయించాను. పగులులో తుప్పుంది. తుప్పు మీద పూతుంది. కొత్త పిన్నుకు పాత తుప్పెక్కడిది?"

"పెళ్లికి పిల్లను వెతికినట్టు పూత షాపులన్నీ తిరిగాడట మనవాడు," అన్నాడు సీతాపతి.

"తిరిగాను సార్. పూత వేసేటప్పుడు తీగ కట్టిన మచ్చ కొసన ఉంది. అది తనదేనన్నవాడు దొరికాడు. బయట ఉన్నాడు."

పూత పని చేసే నర్సింగాచారి బెరుగ్గా లోపలికొచ్చాడు. కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నా చేతి పనే సార్. తీగ గిట్ల మెలేసి కట్టేది నేనొక్కణ్నే."

సీతాపతి అతని మొహం కూడా చూడలేదు. పనివాళ్ల మొహాలు గుర్తుపెట్టుకునే అలవాటు ఆయనకు లేదు. "విమానం భాగం ముట్టుకోవడానికి ఎవరయ్యా నువ్వు? జైలుకు పోతావ్, తెలుసా?" అని గద్దించాడు.

నర్సింగాచారి ఆ గొంతు విని తలెత్తాడు. కళ్లు చిట్లించి చూశాడు.

"ఇమానందని నాకేమెరుక సార్? చెరుకురసం మిషన్‌దని మీరే చెప్తిరి గదా! మీ తోడల్లుడు పక్కనే ఉండె."

టైపు కొడుతున్న స్టెనో వేళ్లు ఆగిపోయాయి. "సార్, 'మీరే' అన్నచోట ఎవరి పేరు కొట్టమంటారు?"

"ఆ మాట వదిలెయ్," అన్నాడు సీతాపతి.

దావీదు నోరు తెరిచాడు. వేటగాడు పులి కోసం తిరిగి, తిరిగి, అది తన పై అధికారేనని తెలిస్తే ఏం చేస్తాడు? అతని ప్రమోషను కాగితం సీతాపతి బల్ల మీదే ఉంది. నోరు మూసుకుని బూట్లు చూసుకున్నాడు. మిగతావాళ్లకు ఫ్యాను తిరగడం చాలా ఆసక్తిగా కనిపించింది. నన్ను విరగ్గొట్టింది పగులొక్కటే కాదు, ఇలాంటి నిశ్శబ్దం కూడా.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. మృదుల నిలబడింది.

"వదలొద్దు, కొట్టమ్మా," అంది స్టెనోతో. "నేను చెబుతాను. కొమరగిరి సీతాపతి."