పెంట హౌసు

ఇస్త్రీ అక్క మొగుడు దగ్గాడంటే గోడ మీది బల్లి పట్టు జారి కింద పడేది. ఎదురింటి కుక్క తననెవరో పిలిచారనుకుని బదులు మొరిగేది. ఆ దగ్గు వినే వీధిలోవాళ్ళు గడియారాలు సరిచేసుకునేవారు. అంతటి దగ్గు. మనిషి మాత్రం రోజురోజుకీ అరిగిపోయి, చివరికి దగ్గూ, దాన్ని మోయడానికి నాలుగెముకలూ మిగిలాడు.

"ఈయనకి చెమ్మ తగలకూడదమ్మా," అన్నాడు డాక్టరు. "గాలీ వెలుతురూ ఉన్నచోట ఉంచు. తడి గోడల మధ్య పెట్టావంటే మళ్ళీ వానాకాలం చూడడు."

ఆ మాట ఇస్త్రీ అక్క గుండెలో మేకులా దిగింది. వాళ్ళుండేది రేకుల కొట్టు. వానొస్తే బయటకంటే లోపలే ఎక్కువ కురిసేది. సరిగ్గా అప్పుడే బిల్డరు వచ్చాడు. ముందు ఆయన పొట్ట వచ్చి కూర్చుంది, తర్వాత ఆయన తీరిగ్గా వచ్చాడు. చుట్టూ ఉన్న స్థలమంతా కొనేశాడట, నడిమధ్య ఈ కొట్టొకటే పంటి కింద రాయిలా ఉందట. "ఈ జాగా వదిలెయ్యి, కట్టే బిల్డింగులో నీకో ఇల్లిస్తా," అన్నాడు. పొడి గోడల ఇల్లు. ఆవిడ ఇంకేమీ అడగలేదు, సరేనంది.

బిల్డరు దగ్గర సూపర్‌వైజరు ఎవరో కాదు, ఆవిడ సొంత తమ్ముడే. నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని వాటినే నలభై చోట్ల వాడుకునే రకం. బిల్డింగు సగం లేచాక ఒకరోజు ఇస్త్రీ బల్ల దగ్గరికి కబురు పట్టుకొచ్చాడు. ఆవిడ మొగుడు, పెద్దాయన, పక్కనే మంచం మీద పడుకుని ఉన్నాడు.

"డూప్లెక్సులన్నీ అమ్ముడైపోయాయక్కా."

"పోతే పోనీరా. డూప్లికేటుది మనకెందుకు, ఉంటే ఒరిజినల్‌లోనే ఉండాలి."

"స్టూడియో ఒకటుండేది, అదీ పోయింది."

"ఫొటోలు దిగే చోట కాపురమేంట్రా. రోజంతా పళ్ళికిలించుకుని కూర్చోవాలా?"

మంచం మీంచి పెద్దాయన చెయ్యెత్తాడు. "ఫ్లాటు మాత్రం వద్దురా బావమరిదీ. నేనిప్పటికే ఫ్లాటైపోయి పడున్నా."

తమ్ముడు నవ్వాడు. "అవీ లేవులే బావా. ఇక మిగిలినవి రెండే. ఒకటి పెంట్‌హౌసు, ఇంకోటి సెల్లారు. మీకేది కావాలో అడిగి రమ్మన్నారు."

ఇస్త్రీ పెట్టె చొక్కా మీద ఆగిపోయింది. కాలర్ కాలిన వాసన వచ్చాకగానీ ఆవిడ దాన్ని ఎత్తలేదు.

"ఏం హౌసన్నావూ?"

"పెంట్‌హౌసు."

"మీ బావకి చెమ్మే తగలకూడదని డాక్టరు మొత్తుకుంటుంటే, తీసుకెళ్ళి పెంటలో పడుకోబెట్టమంటాడా మీ బిల్డరు? ఆయన్నే ఉండమను, ఆ పొట్టకి సరిపోతుంది. ఆ రెండోదేంటి?"

"సెల్లారు."

"అదీ పేరంటే. సెలయేరులా ఎంత చల్లగా ఉందో చూడు. అక్కడ గాలికి కరువుండదు. అదే ఖాయం చెయ్యి."

తమ్ముడు నోరు తెరిచాడు. కాసేపు అలాగే ఉంచాడు. ఆవిడ మొహంలోకీ, బావ మొహంలోకీ చూసి మళ్ళీ మూసుకున్నాడు. ఈగ దూరిందేమో అనుకుంది ఇస్త్రీ అక్క.

"ఆలోచించుకో అక్కా. తర్వాత మాట మార్చడానికుండదు."

"పెంటకి ఆలోచనేంట్రా?"

బిల్డింగు పూర్తయింది. సెల్లారంటే ఏమిటో సామాను దించిన రోజు తెలిసింది. కార్లు దిగే ఏటవాలు దారి చివర, నీళ్ళ మోటారు వెనక, కిటికీ లేని గది. పగలు కూడా లైటు వెయ్యకపోతే మొగుడికీ మంచానికీ తేడా తెలిసేది కాదు. గోడకి చెయ్యి ఆనిస్తే అరచెయ్యి తడిగా వచ్చేది.

"ఇదేంట్రా, గొయ్యిలా ఉంది?"

"నువ్వే కదక్కా కోరుకున్నావు."

"మరి ఆ రెండోది?"

"పెంట్‌హౌసా? అది నాకిచ్చారు. పైన ట్యాంకు పక్కన. ఏదో సర్దుకుంటున్నాలే," అన్నాడు వాచీ చూసుకుంటూ.

అక్క మనసు కరిగి నీరయ్యింది. తను కాదన్న పెంటలో పాపం తోడబుట్టినవాడు బతుకుతున్నాడు. అప్పట్నుంచీ వాడి బట్టలు ఊరికే ఇస్త్రీ చేసిచ్చేది. ఆ చొక్కాలు ఎండకి ఫెళఫెళలాడుతూ వచ్చేవి. పెంటలో ఉంటూ కూడా ఎంత శుభ్రమో అని మురిసిపోయేదేగానీ పైకెక్కి చూసింది లేదు. లిఫ్టు ఓనర్లకి మాత్రమేనని వాడే చెప్పాడు. మెట్లెక్కుదామంటే ఒక కన్ను గేటు దగ్గరి ఇస్త్రీ బల్ల మీద, ఇంకో కన్ను మొగుడి మీద ఉంచాలి. మూడో కన్ను ఎక్కణ్ణుంచి తేగలదు?

సెల్లారులో పెద్దాయన దగ్గు మారిపోయింది. ముందు బల్లులు పడటం మానేశాయి, తర్వాత కుక్క బదులివ్వడం మానేసింది. ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళకి తప్ప వినబడేది కాదు.

అలాంటప్పుడు వాన పట్టింది. చేపలు కూడా గొడుగులు వెతుక్కున్నాయని చెప్పినవాళ్ళున్నారు. చేపలకి చేతులేవి, అది అబద్ధం. మిగతాదంతా నిజం. మధ్యాహ్నం వేళ వీధిలో నీళ్ళన్నీ ఒక్కటై, ఏటవాలు దారి కనబడగానే సెల్లారులోకి తోసుకొచ్చాయి. కరెంటు పోయింది, లిఫ్టు ఆగింది. ఇస్త్రీ అక్క మోకాలి లోతు నీళ్ళలో గదిలోకి దిగేసరికి మంచం కోళ్ళు కనబడటం లేదు, పెద్దాయన వీపు తడిసి ముద్దయింది. ఆయన చేతులు తన మెడ చుట్టూ వేసుకుని, బట్టల మూట ఎత్తినట్టు ఆయన్ని వీపు మీదికెత్తుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు మెట్ల మొదటి మలుపులో.

"మా తమ్ముడింటికి."

"ఆ పెంటలోకా?"

"పెంటైనా పొడిగా ఉంటుంది కదా."

రెండో మలుపులో ఆయన నవ్వినట్టు వీపు మీద కదిలాడు. "పెళ్ళిలో నిన్నెత్తుకోమంటే సిగ్గుపడ్డా. ఇప్పుడు బదులు తీర్చుకుంటున్నావు."

"మాట్లాడకయ్యా, ఆయాసం."

మూడో మలుపు తర్వాత ఆయన ఆవిడ మాట విన్నాడు. అక్కణ్ణుంచి పైదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

తలుపు కాలితో తట్టింది. తమ్ముడు తీశాడు. ముందు వెలుతురొచ్చి మొహాన కొట్టింది. రెండు పక్కలా నిలువెత్తు కిటికీలు, వాటి నిండా ఆకాశం. బయట అంత వాన కురుస్తున్నా నేల మీద చుక్క తడి లేదు. గాలికి గోడ మీద బొమ్మల క్యాలెండరు టపటపలాడుతోంది. ఇస్త్రీ అక్క గదంతా కలియజూసింది. ముక్కెగబీల్చింది. ఏ వాసనా లేదు.

నడిచి వెళ్ళి తమ్ముడి పరుపు మీద మొగుణ్ణి పడుకోబెట్టింది. తల కింద దిండు సర్దింది.

"అక్కా, బావ..."

"తెలుసు. మూడో మలుపులో బరువెక్కాడు."

తమ్ముడు గోడకి జారగిలబడ్డాడు. "చెబుదామనే నోరు తెరిచానక్కా ఆరోజు. నువ్వే వద్దన్నావు కదా అని..."

"దీన్నేనా పెంట హౌసంటారు?"

"అవునక్కా."

"ఊఁ." పెద్దాయన తడి చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పుతోంది. "కిందికెళ్ళి మన మంచం కొట్టుకుపోయిందేమో చూసి రా పో."

ఏదో ఒక పని చెప్పిందని వాడికి ప్రాణం లేచొచ్చింది. మెట్లు దిగి పరుగెత్తాడు. అడుగుల చప్పుడు పూర్తిగా ఆగేదాకా విని, ఇస్త్రీ అక్క తలుపు మూసి గడియ పెట్టుకుంది. కిటికీ ఒకటి బార్లా తెరిచి వచ్చి, మొగుడి పక్కన కూర్చుంది.

కాసేపటికి తలుపు చప్పుడైంది.

"అక్కా. నేను."

ఇస్త్రీ అక్క మొగుడి తడి జుట్టు కొంగుతో తుడుస్తోంది.

"అక్కా, తడిసిపోయాను, తలుపు తియ్యి. జనాన్ని పిలవాలి, జరగాల్సినవి చూడాలి."

"చూద్దాంలేరా," అంది లోపల్నుంచి, మామూలు గొంతుతోనే. "మీ బావ ఇప్పుడే కదా ఇంట్లోకొచ్చాడు. కాసేపు ఉండనీ."