గొంతుతో ఎంత ఇబ్బంది?

నేను ఒక ఫారాన్ని. ముప్పై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు గళ్లు. గొంతు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యాక మనిషి ఎంత బాగా బతుకుతున్నాడో కొలవడం నా ఉద్యోగం. నవ్వకండి, బియ్యం కొలిచినట్టే కొలుస్తాను. ఒకటి అంటే ఇబ్బంది లేదు, నాలుగు అంటే భరించలేనంత.

పుట్టడం ఇంగ్లీషులో పుట్టాను. తెలుగులోకి మార్చినాయన ఏసీ గదిలో కూర్చుని, మాటకు సంబంధించిన ఏడో ప్రశ్నను ఇలా రాశాడు: 'గత వారంలో మీ గొంతుతో ఎంత ఇబ్బంది పడ్డారు?' ఆయన ఉద్దేశం స్వరం. కానీ మనకు పాడేదీ గొంతే, మింగేదీ గొంతే, కోసేదీ గొంతే కదా! ఆ ముక్క ఆయనకూ తట్టలేదు, అచ్చు వేసినవాడికీ తట్టలేదు, ఆసుపత్రిలో నన్ను చదివే నళిని సిస్టర్‌కూ తట్టలేదు. తిలా పాపం తలా పిడికెడు. నాకు తెలుసు గానీ, నన్నడిగిందెవరు?

నన్ను సూరాడ దానయ్య కోసం నింపారు. సముద్రపు ఒడ్డు మనిషి. పెద్దవల లాగేటప్పుడు అతను కేక ఎత్తుకుంటే నలభైమంది తాడు పట్టేవారట. ఆపరేషన్లో స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడకున్న రంధ్రంలోంచి గాలి తప్ప మాట రాదు. చదువు లేదు, రాసి చూపించనూ లేడు. మెడకు ఆనిస్తే మాట పలికించే చిన్న యంత్రాలు ఆసుపత్రికి వచ్చాయి. ఏడో ప్రశ్నకు మూడో నాలుగో వచ్చినవాళ్లకే ఇస్తారు. ఆ సంగతి దానయ్యకు ఎవరూ చెప్పలేదు. చెబితే జవాబులు చెడిపోతాయట!

సిస్టర్ చదువుతుంటే అతను వేళ్లు చూపించాడు. నిద్రకు మూడు, తిండికి మూడు. ఏడో ప్రశ్న రాగానే మెడ తడుముకున్నాడు. ఆ ఉదయమే డాక్టరు కుట్లు వేసిన చోటు చూసి, "గొంతు శుభ్రంగా మానిందయ్యా" అని మెచ్చుకున్నాడు. దానయ్య సంతోషంగా ఒక్క వేలు ఎత్తాడు.

పక్కనున్న భార్య నూకాలు ఊరుకోలేదు. "గాయం మానింది గానీ మాటేదమ్మా? ఒలే నూకాలీ అని పిలిసినోడు. ఆ పిలుపు ఇని ఆర్నెల్లయిపోనాది."

"రోగి చెప్పిందే రాయాలమ్మా. మీరు చెప్పేదానికి ఇందులో చోటు లేదు" అంది సిస్టర్. మంచి మనిషే పాపం, బయట ఇంకా ఇరవైమంది ఉన్నారు. ఒకటి దగ్గర టిక్కు పెట్టి, కింద దానయ్య వేలిముద్ర వేయించింది.

మూడు నెలల తర్వాత, యంత్రాలు ఇస్తున్నారని ఎవరో చెబితే ఇద్దరూ వచ్చారు. గుమాస్తా కట్టలోంచి నన్ను లాగాడు. ఆ కట్టలో దాదాపు అందరికీ ఏడో ప్రశ్నకు ఒకటే. యంత్రాలు చాలావరకు పెట్టెలోనే ఉండిపోయాయి.

"ఏడో ప్రశ్న మాట గురించే. మీ ఆయనకు గొంతుతో ఇబ్బంది లేదు. ఆయనే చెప్పాడు, ఇదిగో వేలిముద్ర" అన్నాడు.

నూకాలుకు చదువు రాదు గానీ, తాడు కోసిన మచ్చను బట్టి ఆ ముద్ర ఎవరిదో తెలుసు. మొగుడి వైపు తిరిగింది. "నలుగురిలో బాగుందంటావు, ఇంటికాడ ఏడుత్తావు. ఆ రోజు ఏలెత్తింది గాయానికనుకున్నాను, మాటకే సెప్పీసినావా? నాతో ఒక్క మాటాడాలని నీకు లేదేటి?"

దానయ్య తల అడ్డంగా ఊపాడు. నోరు తెరిచాడు. మెడలోంచి గాలి బుస్సుమంది. కాదు కాదని నా మీద వేలితో పొడిచాడు. చిరిగిపోతానని గుమాస్తా నన్ను లాక్కున్నాడు. అయ్యో, అప్పుడైనా నిలువునా చిరిగిపోయాను కాదు!

నూకాలు కళ్లొత్తుకుంటూ వరండాలోకి నడిచింది. వెనకనుంచి దానయ్య చప్పట్లు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. వరండా నిండా జనం, ఎవరి గోల వారిది. ఆవిడ తిరగలేదు.