నీకు తెలుసనుకుంటిమి

సావాసం అంటే ఏముంది, అందరి నోటా నలిగే మాటే కదా, గోలీలాడే ఇద్దరు పిల్లలదీ సావాసమే, ఒకే కాడికి కట్టిన ఎద్దులదీ సావాసమే, గొంతు కాస్త తగ్గించి కళ్లు పక్కకు తిప్పి అంటే మాత్రం అది వేరే సావాసం, మొగవాడికైతే సావాసమని మెత్తగా అంటారు, అదే ఆడదానికైతే ఇంకో మాట, ఆ మాట నేను అననులే, మైదుకూరు చుట్టూ ఎనిమిది ఊళ్లలో ఇలాంటి సంగతులు నాకంటే బాగా చెప్పేవాళ్లు లేరు, గాజులమ్మే దౌలత్ బీ అరుగెక్కిందంటే ఆడవాళ్లు చేటలు పక్కన పెట్టి వచ్చి కూర్చుంటారు, ఇందాకా అంతే, గిడ్డమ్మ ఇంటి అరుగు మీద ఆమె కొత్త కోడలు భీమమ్మ చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని, కణుపులు నొక్కి మెత్తచేసి, ఆకుపచ్చ జపాను గాజులు ఒక్కొక్కటే ఎక్కిస్తూ, పక్క ఊరి బొజ్జన్న సావాసం గురించి ఎత్తుకున్నాను, ఎదురింటి ఉరుకుందమ్మ పడీపడీ నవ్వింది, ఆ నవ్వు చూసి కోడలికి ధైర్యం వచ్చింది, కాపురానికి వచ్చి తొమ్మిది దినాలు కాలేదు, తనూ ఒక కబురు చెప్పి మాలో కలిసిపోవాలని ఆశపడింది పాపం, మా ఊర్లో గూడా ఉండాది ఇట్లాంటిది, అహోబిలం తిరునాళకు గాజులంగడి పెట్టే మాబు సాహెబని ఒకాయన, మా వీధి చాంద్ బేగంతో సావాసం, ఆరేండ్లాయ, ఒక ఆడపిల్ల గూడా ఉండాది, అంది.

మాబు సాహెబ్ నా మొగుడు.

గాజు పగలలేదు, అదే నాకు ఆశ్చర్యం, వేళ్లకు అలవాటైన పని వేళ్లు చేసుకుపోతూనే ఉన్నాయి, తిరునాళ పది రోజులైతే ఆయనకు ఇరవై రోజులు, ఒక ఏడు బండి ఇరుసు విరిగిందన్నాడు, ఒక ఏడు చలిజ్వరమన్నాడు, ఆ జ్వరం తగ్గాలని నేను దర్గాకు వెళ్లి ఫాతిహా ఇప్పించాను, ఆడపిల్లంట, మనకు పిల్లల్లేరు కదా మీ అన్న కొడుకును తెచ్చి పెంచుకుందామని నేను ఏడ్చినప్పుడు, ఎందుకులే దౌలత్, నాకు నువ్వు నీకు నేను చాలు అన్నాడే, ఆ ఒక్క మాట పట్టుకుని ఎన్నేళ్లు బతికాను, ఎంత వెర్రిదాన్ని.

అయినా నన్ను కోసింది అది కూడా కాదు, భీమమ్మ చెప్పాక ఒక్కరూ అవునా అనలేదు, కొత్త సంగతి వింటే ఆడవాళ్లు ముందుకు వంగుతారు, ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, ఇప్పుడు మాత్రం అందరూ వెనక్కి జరిగారు, ఉరుకుందమ్మ నేల చూసింది, గిడ్డమ్మ కోడలి తొడ గిల్లింది, ఆ గిల్లడం నేను చూశాను, అంటే వీళ్లందరికీ తెలుసు, గిడ్డమ్మకూ తెలుసు, మిగతా ఇళ్లలో నాకు దోసిట్లో నీళ్లు పోస్తే తన చెంబే చేతికిచ్చిన గిడ్డమ్మ, నేను రాకపోతే పండక్కి గాజులే వేసుకోని గిడ్డమ్మ, తోడబుట్టినవాళ్లెవరూ లేని నాకు చెల్లెలుందని మురిసిపోయాను, మా ఇద్దరిదీ ఏం సావాసమమ్మా అని ఊరంతా అంటుంటే గర్వంగా తలూపాను, నేను గాజుల మలారం భుజాన వేసుకుని సందు తిరగగానే ఈ అరుగు మీద నా కాపురం విప్పి పంచుకునేవాళ్లన్నమాట.

సగం చేతికి గాజులేసి లేచిపోవడం మా పనిలో లేదు, రెండో చెయ్యీ నింపాను, అందరికీ వేసినట్టే దీవెన గాజు ఒకటి ఎక్కువ వేసి, చల్లగా ఉండు తల్లీ అన్నాను, భీమమ్మ మలారానికి దండం పెడుతూ ఏడ్చింది, ఎవరో గుసగుసగా చెప్పినట్టున్నారు, ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, నా ముందు నిజం చెప్పింది ఆ పిల్లొక్కతే, అదీ నేనెవరో తెలియక.

వీధి మలుపు దాకా గిడ్డమ్మ వెంట వచ్చి నా చెయ్యి పట్టుకుంది, నీకు తెలుసనుకుంటిమి దౌలత్తక్కా, తెలిసీ ఊరకుండావనుకుంటిమి, అంది, అబద్ధం, అనబోయాను, నీ మొగుడు ఓబన్న పసుపు అమ్మబోయి మైదుకూరులో ఎవరింట్లో దిగుతాడో, పదేళ్లుగా ఎవరి చేతి కూడు తింటాడో నీకు తెలుసా అని అడగబోయాను, నోటిదాకా వచ్చింది, అంటే నా కడుపుమంట చల్లారేది, కానీ ఆమె మొహం చూశాను, నా కోసం కళ్లనీళ్లు పెట్టుకున్న ఆ మొహానికి ఏమీ తెలియదు, చెబితే ఏమంటుంది, పదేండ్లు నాకెందుకు చెప్పలేదక్కా అంటుంది, అప్పుడు నా దగ్గరున్న జవాబు ఒక్కటే, నీకు తెలుసనుకున్నాను అని, తెలుసని నేనెప్పుడు అనుకున్నాను, ఒక్కరోజైనా అనుకోలేదు, గిడ్డమ్మకు తెలిసుంటే ఆ సంగతి ఈ ఊరు తప్ప మిగతా ఏడు ఊళ్ల అరుగుల మీద చెప్పడంలో మజా ఏముంది, ఆమెకు తెలియదు కాబట్టే నేను నవ్వుతూ చెప్పాను, నాకు తెలియదు కాబట్టే వీళ్లూ నా సంగతి నవ్వుతూ చెప్పుకున్నారు.