రెండు ఏకాదశులు

పొగ... పాత పనసచెక్క పొగ.

పొయ్యిలోకి మొదట విరిగిన పీట. తరువాత చెద తిన్న ఊయల. ఆ తరువాత కుంటి మంచం.

"పాతవీ పనికిరానివీ ముందు" అంది సంపూర్ణమ్మ, కత్తితో చీలుస్తూ.

చుట్టూ గోదావరి. అరటితోట లేదు, వాకిలి లేదు, కొవ్వూరు వైపు గట్టు లేదు — ఎర్రనీళ్ళు. సగం మెట్లెక్కి కూర్చున్నాయి. గేదెల పలుపులు విప్పి వదిలేసరికి ఆఖరి పడవ వెళ్ళిపోయింది. డాబా మీది గదిలో మామ్మా, మనుమరాలూ మిగిలారు. డబ్బా అడుగున కాసిని నూకలు మిగిలాయి.

హేమశ్రీ రాజమండ్రిలో ఎమ్మెస్సీ చదువుతోంది. వరలక్ష్మీ వ్రతానికని ఏటి నడుమ ఈ లంకకు వచ్చింది. వచ్చి చిక్కుకుపోయింది.

చదివిన పాఠం గుర్తొస్తోంది... బయటినుంచి తిండి ఆగిపోతే జీవకణం ఊరికే చావదు. తనలోని పాత సామాను చుట్టూ ఒక పొర అల్లుతుంది. మూట కడుతుంది. కరిగిస్తుంది. కరిగినదానితోనే ఇంకొన్నాళ్ళు బతుకుతుంది. ఆటోఫజీ. తనను తాను తినడం.

ఈ ఇల్లూ అంతే కదా అనుకుంది. నవ్వు కూడా వచ్చింది. కడుపులో జావ ఉంది మరి.

మామ్మ తినలేదు. "ఇవాళ ఏకాదశమ్మా. లంకలో పుట్టినదానికి లంకణమొక లెక్కా!"

మర్నాడూ తినలేదు. "నిన్నటిది స్మార్తులది. ఇవాళ వైష్ణవ ఏకాదశి. రెండూ ఉంటే పుణ్యమంట."

హేమశ్రీ నమ్మింది. కడుపు నిండినవాళ్ళకు అనుమానాలు రావు.

మూడోనాడు కిటికీ రెక్క చీలుస్తుంటే మామ్మ చేతిలోంచి కత్తి జారింది. ఆ చేతిలో ఎముక తప్ప ఏమీ లేదు.

పాతవీ పనికిరానివీ ముందు...

మామ్మ తనను కూడా ఆ వరసలోనే పెట్టుకుంది.

హేమశ్రీకి ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. పాఠంలో ఇంకో మాట ఉంది, పరీక్షలో రాయడం మరిచిపోయింది — ఆ తినడానికీ ఒక హద్దుంది. హద్దు దాటితే కణమే మిగలదు.

బతిమాలితే వినదు. గోదారినైనా మళ్ళించవచ్చు గానీ మామ్మను కాదు.

ఉన్న జావంతా తెచ్చి ముందు పెట్టింది. "మామ్మా, ఇవాళ ద్వాదశి. పారణ చెయ్యాలి. ఉపవాసం విడవకపోతే రెండు ఏకాదశుల పుణ్యమూ గోదాట్లోకే."

సంపూర్ణమ్మ తన అబద్ధంలో తనే చిక్కుకుంది.

"గడుసుదానివే" అంది గిన్నె అందుకుంటూ. ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క... సగం దగ్గర ఆగి గిన్నెను మనుమరాలి వైపు జరిపింది. హేమశ్రీ వెనక్కి జరిపింది. మామ్మ మళ్ళీ జరిపింది.

డబ్బా ఖాళీ అయింది. పడవ జాడ లేదు.

కిటికీ రెక్క పోయాక గదిలోకి వెలుతురు వచ్చింది. వెలుతురుతో పాటు నీళ్ళూ కనిపించాయి — ఇంకో మెట్టు మునిగింది.

పొయ్యి మీద ఇక పెట్టడానికేమీ లేదు. అయినా మామ్మ నిప్పు ఆరనివ్వలేదు. ఏ పడవవాడైనా చూస్తాడని.

పొగ... పాత కిటికీ చెక్క పొగ.