పక్కపక్కన రెండు పేజీలు

ప్రూఫులు ఇద్దరు కలిసి చూడాలి. ఒకరు మూలం చేతిలో పట్టుకుని పైకి చదవాలి. రెండోవారు అచ్చు కాగితం మీద నుంచి కళ్ళు తీయకుండా వింటూ, తేడా వచ్చిన చోట ఎర్ర కలంతో దిద్దాలి. సీసపు అక్షరాలు కూర్చే రోజుల నుంచీ ఇదే పద్ధతి. లాల్‌దర్వాజాలో అమరనాథ్ తన పాత ప్రెస్సు తీసేసి కంప్యూటర్లు పెట్టుకున్నాక కూడా మా ఇంట్లో ఇదే సాగింది. నా భార్య బాలత్రిపురసుందరి చదివేది, నేను దిద్దేవాణ్ణి.

నేను ఛత్రినాకలో ఒక బడిలో తెలుగు చెబుతాను. సాయంత్రం బడి నుంచి వచ్చి టీ తాగాక ముందుగదిలో చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. పెళ్ళిపత్రికలు, పిల్లల గైడ్లు, కరపత్రాలు వచ్చేవి. ఆషాఢం దగ్గర పడితే మా గల్లీ అమ్మవారి గుడివాళ్ళు వేసే బోనాల సంచిక వచ్చేది. పైకి చదివేటప్పుడు విరామచిహ్నాలు కూడా చదవాలి. ప్రతిసారీ కామా, ఫుల్‌స్టాపు అంటే నోరు తిరగదని ఆమె తన మాటలు పెట్టుకుంది. కామా అంటే తోక. ఫుల్‌స్టాపు చుక్క. ప్రశ్నార్థకం కొడవలి. కొత్త పేరా మొదలైతే గడప. "ఇంటికి తోక వాడకు తోక ఊరికి మేలు జరగాలని చుక్క గడప" అని ఆమె చదువుతుంటే, కొత్తలో కింది వాటావాళ్ళు మేం ఏదో జపం చేస్తున్నామనుకున్నారు.

సంచిక పనికి మేం డబ్బు తీసుకోం. అందుకని గుడివాళ్ళు ఆఖరి పేజీ అడుగున ఒక వరస వేస్తారు. ప్రూఫులు: బాలత్రిపురసుందరి, శ్రీహరిరావు. మా పెళ్ళిపత్రిక తర్వాత మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన అచ్చులో పడింది అక్కడే.

పోయిన కార్తీకంలో ఆమె చనిపోయింది. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

ఈ ఏడు బడులు తెరిచాక అమరనాథ్ మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పి, చాప ఉండే చోటు చూసి, కుర్చీలో కూర్చున్నాడు.

"సార్, సంచిక పని షురువైంది. ఈసారి మీరు తక్లీఫ్ పడకుండ్రి. మా స్రవ్య చూస్తది."

స్రవ్య అతని షాపులో టైపు చేసే అమ్మాయి.

"ఎవరితో కలిసి చూస్తుంది?" అని అడిగాను.

"ఎవరెందుకు సార్, ఒక్కతే. తెర మీద రెండు పేజీలు పక్కపక్కన పెడ్తది. ఒక దిక్కు పోయినేటిది, ఇంకో దిక్కు ఈయేటిది. చూస్కుంట పోతది, గంతే. ఆఖరికి మీరు ఒక్కసారి కండ్లు ఆనియ్యిండ్రి చాలు."

"మంచిది."

"పేర్లు ఎప్పటి లెక్కనే రెండు వేద్దాం సార్. స్రవ్య, శ్రీహరిరావు. గుడి కమిటీల బాలకిషన్ గూడ సరే అన్నడు."

వచ్చి చూస్తానని చెప్పి పంపాను. అతను గల్లీ మలుపు తిరిగాక గాని టీ ఇవ్వలేదన్న సంగతి గుర్తురాలేదు.

ఆ అమ్మాయి నాకు చేసిన అపకారం ఏమీ లేదు. నేను ఆమెతో సరిగ్గా మాట్లాడింది కూడా లేదు. అయినా రెండు రోజులు బడిలో ఏ పాఠం చెబుతున్నా ఆ కొత్త వరసే కళ్ళకు కనిపించింది. ఒకరి పేరు తీసి ఆ చోటులో మరొకరి పేరు పెట్టడం టైపు చేసేవాళ్ళకు క్షణం పని. అలా జరగకూడదంటే ఒకటే దారి. ఒక్కరు చూస్తే తప్పులు పోతాయని చూపించాలి. శనివారం ఒంటిపూట బడి అయిపోగానే తప్పులు వెతకడానికే లాల్‌దర్వాజా వెళ్ళాను.

అమరనాథ్ లేడు. కాగితం కట్టలకోసం అఫ్జల్‌గంజ్ వెళ్ళాడట. స్రవ్య నన్ను చూసి లేచి నిలబడింది. తన పక్కన ఉన్న కుర్చీ మీది కాగితాలు తీసి, చున్నీతో దుమ్ము దులిపింది.

"కూసోండి సార్. గిది అమ్మ కుర్చీనే."

ప్రూఫులు షాపుకు చేర్చే పని మా ఇంట్లో నా భార్యదే. నేను బడిలో ఉన్న వేళ వెళ్ళి ఇచ్చి వచ్చేది. ఇచ్చి రావడమే అనుకున్నాను. ఇక్కడ ఆమెకు ఒక కుర్చీ ఉందని నాకు తెలియదు.

"ఎట్లా చూస్తావో చూపించమ్మా" అన్నాను.

స్రవ్య పోయినేటి సంచిక తెరిచింది. అది తెరంతా పరుచుకుంది. తర్వాత ఈ ఏటిది తెరిచింది. అది వచ్చి మొదటిదాన్ని పూర్తిగా కప్పేసింది. అప్పుడు పైనున్న మాటల్లో ఒకదాని మీద బాణం గుర్తు ఆనించి నొక్కింది. రెండు పేజీలూ చెరి సగమై, ఒక బెంచీ మీద సర్దుకుని కూర్చున్న ఇద్దరు పిల్లల్లా పక్కపక్కన నిలిచాయి.

"ఎడమ దిక్కుది ముట్టుకోను సార్. సూసుడే. దిద్దేదంత కుడి దిక్కున్నే. గుడి చరిత్ర ప్రతి ఏడు అదే పడ్తది గద. పక్కకు పెట్టుకుంటే సాల్తది."

చూడటం మొదలుపెట్టింది. కళ్ళు ఎడమకు వెళ్ళి కుడికి వస్తున్నాయి. నేను అనుకున్నంత వేగంగా ఏమీ చూడటం లేదు. ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగుతోంది. ఆగినప్పుడు పెదవులు కదులుతున్నాయి. వీధిలో ఆటో ఆగి చప్పుడు తగ్గాక ఆ మాటలు నాకు వినిపించాయి.

"తోక. తోక. చుక్క. గడప."

"ఏమంటున్నావు?"

"ఏం లేదు సార్. అలవాటు. అమ్మ నేర్పింది."

నేను తెర వైపు చూస్తూ ఉండిపోయాను. ఆ మాటలు మా ముందుగదిలో, ఆ చాప మీద పుట్టినవి. వాటికి నేను తప్ప వేరే వినేవాడు లేడనుకున్నాను. ఆమె పోయాక ఒకటి రెండుసార్లు బడిలో నల్లబల్ల మీద రాస్తూ, నోటి దాకా వచ్చిన తోకను మింగేసి కామా అన్నాను. నేను అంత జాగ్రత్తగా దాచుకున్నదాన్ని ఈ పిల్ల పనిలో పనిగా వాడేస్తోంది.

"ఇంకేం నేర్పింది?" అన్నాను. నా గొంతు బడిలో గొంతులా వచ్చింది.

స్రవ్యకు అది పట్టలేదు. నవ్వింది.

"మస్తు ముచ్చట్లు చెప్పేది సార్. మీరు చాక్‌పీసు ముక్కలు జేబుల ఏస్కొని ఇంటికొస్తరంట గద. ప్యాంటు నానబెడ్తే బకెట్ల నీళ్ళు పాల లెక్క అయితయని ఒకటే నవ్వుడు. మా సేటు గూడ నవ్విండు."

"అమరనాథ్ కూడానా?"

"ఆ. 'సార్ బడి నుంచి జీతం గాక సున్నం గూడ తెస్తుండు' అన్నడు. ఇగ జామకాయలైతే ఇక్కడ్నే తినిపోయేది. మీకు పంటికింద గింజలు పడితే కోపమంట గద, ఇంటికి తీస్కపోయేది కాదు. నాకో ముక్క, ఆమెకో ముక్క. కారం ఎక్కువ ఏయించేది."

మా ఇంట్లో జామకాయలు కొనేవాళ్ళం కాదు. ఆమెకు ఇష్టం లేదనుకునేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఆమె నన్ను ఒక్కసారి జామకాయ అడగలేదు. ఇక్కడ కూర్చుని, కారం వేయించుకుని, ఈ పిల్లతో పంచుకుని తినేదన్నమాట. ఆ పిల్ల నాకు తెలియని నా భార్యను నాకు చెబుతుంటే ఎక్కడ చూడాలో తెలియక తెర వైపు చూశాను. తప్పు దొరికితే బాగుండునని అప్పుడు నిజంగా కోరుకున్నాను.

దొరికింది. గుడి చరిత్రలో మూడో పేరా దాకా రెండు పేజీల వరసలూ సమానంగా ఉన్నాయి. అక్కణ్ణుంచి కుడి పేజీ ఒక వరస పైకి జరిగింది.

"ఇక్కడ ఒక లైను ఎగిరిపోయింది" అన్నాను. "చూశావా? ఇందుకే ఇద్దరుండాలనేది. ఒకరు చదువుతుంటే ఇది పట్టుబడేది. ఎంత మంచి యంత్రమైనా చదివి వినిపించలేదు."

"అవునా సార్" అంది స్రవ్య. కుర్చీ వెనక్కి జరుపుకుంది. మౌసు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వెంటనే దిద్దుతుందనుకున్నాను. దిద్దలేదు.

పోయింది ఏ లైనో చెబుదామని నేనే ఎడమ పేజీ చదివాను. వాన లేని ఒక ఏడాది ఆడవాళ్ళందరూ బోనం ఎత్తిన సంగతి అది. ఆ వాక్యం అక్కడ ఉంది. దాని కిందే, అక్షరం తేడా లేకుండా, మళ్ళీ ఉంది.

కుడి పేజీలో పోయింది లేదు. పోయినేడు ఒకే లైను రెండుసార్లు పడింది.

అది నేను దిద్దిన పేజీ. ఆ సాయంత్రం నాకు గుర్తుంది. అప్పటికే ఆమెకు ఆయాసం మొదలైంది. వాక్యం మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటోంది. మూలంలో ఉన్నట్టే ఆమె ఒక్కసారే చదివింది. అచ్చు కాగితం మీద రెండోది చూసి కొట్టేయాల్సింది నేను. కలం చేతిలోనే ఉంది. కానీ నేను తర్వాతి ఊపిరి ఎప్పుడు వస్తుందా అని వింటున్నాను.

"తీసింది సరే" అన్నాను. "నువ్వు ముందే చూశావు కదా. నేను పోయిందన్నప్పుడే చెప్పచ్చు కదా."

"అమ్మ చెప్పొద్దన్నది సార్."

"ఆమెకు తెలుసా?"

"సంచిక అచ్చై వచ్చినంక తెలిసింది. అంతకు ముందేడుది, పోయినేడుది పక్కపక్కన పెట్టి నేనే చూపెట్టిన. రెండు దిక్కులు కలుస్తలేవు ఏందమ్మా అంటే ఆమెనే పట్టింది. 'మా సారుకు చెప్పకమ్మా, అన్నం తినరు' అన్నది."

చెప్పడం మొదలుపెట్టాక ఆపడం బాగుండదనుకుందో ఏమో, స్రవ్య తనే మళ్ళీ అంది.

"అప్పుడే నేనన్న. అమ్మా, ఇగ గిట్లనే చేద్దాం, నువ్వొక్కదానివే ఈడ కూసుంటే అరగంటల అయిపోతది, గా కాగితాలు మోస్కపోవుడెందుకు, మెట్లెక్కుడెందుకు అని. అమ్మకు మస్తు నచ్చింది సార్ గిది. తనే మౌసు పట్టి రెండు పేజీలు పెట్టుడు నేర్చుకుంది. కానీ పని కాడికొస్తే 'ప్రింటు తియ్యమ్మా, ఇంటికి తీసుకెళ్తాను' అనేది. ప్రతిసారి గదే. సేటు కాగితం ఖరాబైతున్నదని లొల్లి పెట్టేటోడు."

"ఎందుకు?"

"ఏమో సార్. ఒకపారి నేనూ అడిగిన."

"ఏమంది?"

స్రవ్య చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "'ఒక్కళ్ళతో అయ్యే పనని తెలిస్తే మా సారు నన్ను రమ్మని కూర్చోబెట్టుకోరు' అన్నది. నవ్వుకుంటనే అన్నది సార్."

బయట ఎవరో బండివాడితో ఉర్దూలో బేరమాడుతున్నారు. ఆ బేరం తెగేదాకా నేను విన్నాను.

అలా కాదని చెప్పడానికి నా దగ్గర ఏదైనా ఉందా అని వెతికాను. ప్రూఫులు లేని సాయంత్రాలు మేం ఏం చేసేవాళ్ళమో గుర్తు తెచ్చుకోబోయాను. నేను పరీక్ష పేపర్లు దిద్దేవాణ్ణి. ఆమె వంటింట్లో ఉండేది. పిలిస్తే వచ్చేది. పిలవాలంటే పని ఉండాలి. ఆ పనిని ఆమె కాగితాల్లో చుట్టి, మెట్లెక్కి, ఇంటికి తెచ్చేది. అది తెలిసి నాకు కొంత ఊరట కలిగిన మాట నిజమే. కానీ ఊరట కంటే ముందు కలిగింది వేరు. ఆ మాట నాతో అనవలసిన మాట. నాతో అని ఉంటే నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆమె దాన్ని తెచ్చి ఈ షాపులో, ఈ కుర్చీలో, ఈ పిల్లతో అంది. పిల్ల దాన్ని దాచుకుంది. నేను వచ్చి అడిగితే, ఉన్నది ఉన్నట్టు నాకు అప్పజెప్పింది. ఆమె నవ్వుతూనే అందట. ఆ నవ్వు చూసింది కూడా ఈ పిల్లే.

అమరనాథ్ కాగితం కట్టలతో వచ్చాడు. రుమాలుతో మెడ తుడుచుకుంటూ తెర వైపు వంగాడు.

"ఏం సార్, మా స్రవ్య పాసా, ఫెయిలా?"

"పాసే."

"గట్లయితే ఆఖరి పేజీ గూడ కానిద్దాం. బాలకిషన్ పొద్దుగాల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. వాని ఫోటో అమ్మవారి ఫోటో కన్న చిన్నగున్నదని ఫికర్."

స్రవ్య నవ్వు ఆపుకుంటూ ఆఖరి పేజీలు తెచ్చింది. ఎడమ దిక్కు అడుగున మా ఇద్దరి పేర్లు ఉన్నాయి. కుడి దిక్కు అదే చోట 'ప్రూఫులు' అన్న మాట, దాని పక్కన ఖాళీ, ఖాళీలో మినుకుమనే ఒక గీత.

"స్రవ్య అని వేయండి" అన్నాను.

"పక్కకు మీది" అన్నాడు అమరనాథ్.

"నాది వద్దు. ఈ ఏడు నేను చదవలేదు. ఒక్కరే చూశారు. ఒక్క పేరే ఉండాలి."

స్రవ్య నా వైపు తిరిగింది. "ఒద్దు సార్. కనీసం అమ్మ పేరన్న..."

"ఆమె కూడా ఈ ఏడు చదవలేదు కదమ్మా."

అమరనాథ్ అమ్మాయి భుజం వెనక నిలబడి తల ఊపాడు. "చూసినవా స్రవ్యా, దిల్ అంటే గిది. సార్ తన జాగ తీసి నీకిచ్చిండు. ఎవరిస్తరు గిట్ల."

నేను ఎవరికీ నా చోటు ఇవ్వలేదు. ఆ పేరు పక్కన తప్ప ఇంకో పేరు పక్కన నా పేరు ఉండటం నాకు ఇష్టం లేదు, అంతే. అమరనాథ్ మాటలో తప్పు స్పష్టంగా ఉంది. దిద్దలేదు.

స్రవ్య కళ్ళు తుడుచుకుని, కుడి దిక్కు తన పేరు టైపు చేసింది. చిన్న పేరు. దాని పక్కన చాలా ఖాళీ మిగిలింది. ఆమె దాన్ని జరిపి పేజీ మధ్యకు తెచ్చింది.

"ఎడమ దిక్కుది బంద్ చెయ్యాల్నా సార్? ఇది పెద్దగ చేస్తే మంచిగ కనబడ్తది."

"నేను వెళ్ళాక మూసెయ్యమ్మా" అన్నాను.

అమరనాథ్ టీ చెప్పాడు. నేను గ్లాసు పట్టుకుని, చల్లారేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను.