చేత్తో చూడప్పా

2024 సెప్టెంబరు 19. పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని నేనూ, నా మరదలు రామేశ్వరమ్మా పత్తికొండ మార్కెట్టుకు పోయాం. నా భార్య పోయినప్పటి నుంచి ఆమె చెల్లెలి సేద్యానికి తోడుపోవడం నాకు అలవాటైంది. డిగ్రీ చదివిన బావ పక్కనుంటే వ్యాపారులు కాస్త మర్యాదగా మాట్లాడతారని రామేశ్వరమ్మ నమ్మకం.

ఆ రోజు కోత టమోటాలన్నీ ఆమె మార్కెట్టులో పట్ట మీద రాశి పోసింది. మధ్యాహ్నం లోపల అమ్ముడుపోకపోతే ఎండకు మెత్తబడతాయి. రోడ్డు పక్కన పారబోయాల్సిందే.

భూపేష్ అనే వ్యాపారి వచ్చి, అడుగు కాయలు ఎట్లున్నాయో చూడటానికి చెప్పుకాలితో రాశిని కెలికాడు. అక్కడ అందరూ చేసేదే. పదేళ్లుగా చూస్తున్నా నాకెప్పుడూ తప్పనిపించలేదు.

"కాలు తీయప్పా. చేత్తో చూడు," అంది రామేశ్వరమ్మ.

"ఏమమ్మా, నీ టమోటాలకు కాళ్లు కడిగి పీటేయల్లా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"ధర నీ ఇష్టం. కాలు మాత్రం పెట్టొద్దు."

అతను పక్క రాశికి పోయాడు. వెనక వచ్చిన వ్యాపారులూ మమ్మల్ని దాటిపోయారు. పదకొండయ్యేసరికి పై కాయలు చేతికి వెచ్చగా తగులుతున్నాయి. ఒక హమాలీ అడక్కుండానే తడి గోనెపట్ట తెచ్చి కప్పి, తన పనికి తాను పోయాడు.

నాకు భయమేసింది. ఆమెకు చెప్పకుండా భూపేష్ దగ్గరికి పోయి, ఆడమనిషి, తెలియక అనేసింది, మనసులో పెట్టుకోవద్దన్నాను. తిరిగొచ్చేసరికి ఆమె నన్నే చూస్తోంది; నా మాటలు వినబడినట్టున్నాయి.

"ఆయప్ప కాలితో కెలికినాడు బావా. నువ్వు నోటితో కెలికినావు."

గోనెపట్ట తీసుకుపోయి మళ్లీ తడిపి తెచ్చాను.

రెండు గంటలప్పుడు లారీకి సరుకు చాలక భూపేష్ తిరిగొచ్చాడు. కాసేపు నిలబడ్డాడు. తర్వాత గొంతుక్కూర్చుని, గోనె తొలగించి, అడుగు నుంచి ఒక కాయ చేత్తో తీసి నొక్కి చూశాడు. ఆమె మొహం మాత్రం చూడలేదు. పక్క రాశికి ఇచ్చినదాని కంటే తక్కువ ధర చెప్పాడు. ఆమె సరేనంది.

డబ్బు చేతికొచ్చి, ఆమె ఇంటి ముందు ఆటో దిగేసరికి రాత్రి తొమ్మిదైంది. ఖాళీ క్రేట్లు ఇంట్లోకి చేర్చాక, తప్పు చేశానమ్మా అన్నాను.

"సోమవారం ఇంకో కోత ఉండాది. వస్తావా?"

వస్తాను గానీ, నోరెత్తనన్నాను.

"మాట్లాడు బావా. నన్నడిగి మాట్లాడు."

లోపల ఆమె పిల్లలు నిద్రపోతున్నారు. నేను మెట్లు దిగేదాకా నిలబడి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.