చేతికి తెలియని బిగువు

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన శాంతికుమార్, తన పాత డీజిల్ అంబాసిడర్ మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి ఒక శనివారం పొద్దున స్పానర్ తెచ్చి భార్య గ్రేసీ చేతిలో పెట్టాడు.

"నువ్వే పోవాలె బండి కిందికి. నేను చెప్తుంట," అన్నాడు, ఆమె ముఖంలోకి చూడకుండా.

బండి కింద ఆయిల్ కారుతోంది. నెల కిందటే ఆయన ఒక్కడే కూర్చుని ఆయిల్ చాంబర్ అంచు నుంచి కారకుండా వేసే ప్యాకింగ్ మార్చాడు. అయినా పోయిన ఆదివారం చర్చి ఆవరణలో పళ్లెమంత మరక పడింది. ఎవరూ చూడకుండా ఆయన చెప్పుకాలితో దాని మీదికి మట్టి తోయడం ఆమె చూసింది.

"మెకానిక్ యేసురాజును పిలుద్దామండీ."

"వద్దు."

ఆ మాటలో కోపం లేదు, బతిమాలుకోవడం ఉంది. గ్రేసీ లోపలికెళ్లి తలకు గుడ్డ కట్టుకుని వచ్చింది.

ఇద్దరూ కలిసి బండిని జాకీతో ఎత్తి కింద రైలు పట్టాలకు వేసే పాత స్లీపర్ దుంగలు పెట్టారు. ఆయన మూడుసార్లు ఊపి చూసి, కదలడం లేదని రూఢి చేసుకున్నాకే ఆమెను కిందికి పోనిచ్చాడు. ఇంజను అడుగున ఇనుప తొట్టిలా బిగించి ఉంది ఆ చాంబర్. గ్రేసీ ఆయిలంతా బేసిన్లోకి వదిలి, ఒక్కో బోల్టే విప్పసాగింది. ఎడమవైపువి తేలిగ్గా వచ్చాయి. కుడివైపువి బలమంతా పెడితే గాని కదలలేదు.

"గింత గట్టిగ ఎందుకు బిగించిన్రు?"

"ముందు చాంబర్ దించు," అన్నాడు బయటినుంచి.

చాంబర్ దించి చూస్తే కుడివైపు ప్యాకింగ్ నలిగి, బయటికి పిండుకొచ్చి, రెండు చోట్ల చీలిపోయి ఉంది. ఆ ముక్క పట్టుకుని ఆమె బయటికి జరిగింది. శాంతికుమార్ పీట మీద కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో అదిమి పట్టుకున్నాడు. పట్టుకున్నా ఆ వేళ్లు ఆగడం లేదు.

"ఎప్పటిసంది?" అంది మెల్లగా.

"క్రిస్మస్ ముందలికెల్లి. వణుకు నీకు కనబడ్తదని, నువ్వు వంటింట్లకు పోయినంక చాయ్ తాగుతున్న." నలిగిన ప్యాకింగ్ ముక్క వైపు చూశాడు. "బోల్టు ఎంత తిప్పితే చాలో చేతికే తెలుస్తుండె గ్రేసీ. ఇప్పుడు తెలుస్తలేదు. చాలలేదేమో, చాలలేదేమో అని తిప్పుకుంటనే పోయిన."

"నాకు చెప్తే ఏమైతుండె?"

"పరేషాన్ అయితవని."

"ఇన్ని రోజులు చల్లారిన చాయ్ తాగిన్రు. గిప్పుడు పరేషాన్ గాకుంటనా?"

ఆయిలంటిన చేత్తో గ్రేసీ కళ్లు తుడుచుకుంటే చెంప నల్లబడింది. ఆయన వణికే వేళ్లతోనే ఆ నలుపు తుడవబోయి ముక్కుదాకా పూశాడు. గ్రేసీకి ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది.

అతుక్కున్న పాతదంతా గీకి శుభ్రం చేశాక, కొత్త ప్యాకింగ్ పెట్టి చాంబర్ పైకెత్తింది.

"ముందు అన్ని బోల్టులు వేళ్లతోనే పెట్టు. ఆ తర్వాత ఎదురెదురుగ, జెర జెర బిగించు. ఒక్కదిక్కే లాగితే ఇంకోదిక్కు లేస్తది."

"లైనింగుకు పిన్నులు పెట్టినట్టేనా?"

నలభై ఏళ్లుగా ఆమె జాకెట్లు కుడుతోంది. గుడ్డ ఎక్కడ లాగుతుందో, ఎక్కడ వదులవుతుందో వేళ్లతోనే పట్టేస్తుంది.

"గట్లనే," అన్నాడు.

ఒక చోట బోల్టు మెత్తగా ఒదిగి నిలిచినట్టనిపించి ఆమె ఆగింది. "ఇంక తిప్పాల్నా?"

"నీ చెయ్యి ఏమంటున్నది?"

"చాలంటున్నది."

"అయితే చాలు."

కొత్త ఆయిల్ పోసి, కింద పేపరు పరిచి ఇంజను స్టార్ట్ చేశారు. అరగంటయినా పేపరు మీద ఒక్క చుక్క పడలేదు.

ఇంజను ఆపి ఆయన సీట్లోనే కూర్చుండిపోయాడు. "సోమవారం దవాఖానకు పోదాం. నువ్వు సుత లోపలికి రా. బండి నడపొద్దంటడేమో డాక్టర్."

"అంటే నేను నేర్చుకుంట."

శాంతికుమార్ తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"క్లచ్ జెర గట్టిగుంటది మరి," అన్నాడు.